చిటపట వినిపించే వాల్వు

భీమవరం,
8 అక్టోబరు 2023

మాస్టారికి నమస్కారాలు.

నేను ఆశాజ్యోతినండి. పాలిటెక్నిక్ చదివేటప్పుడు రెండు వేసవులు నిడదవోలులో మీ రేడియో కొట్లో కూర్చుని సాల్డరింగ్ నేర్చుకున్నదాన్ని. మొదటిరోజే మీ టేబుల్ గుడ్డ కాల్చిపెట్టినదాన్ని కూడా నేనే. ఇప్పుడు ఇక్కడొక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా చేస్తున్నాను. మావారు శ్యాంబాబు గారు కాళ్ళ అనే ఊరు వెళ్ళే దారిలో ఒక రొయ్యల చెరువు వాటాకి చేస్తారు. చెరువు, మేత, రొయ్యపిల్ల గోపాలకృష్ణంరాజు గారివి, పని ఈయనది. రాజు గారికి ఇలాంటి చెరువులు నాలుగున్నాయి.

మొన్న ఫోన్ చేస్తే మీరు రెండు ముక్కలు వినకుండానే, ఫోన్లో చెప్పిన విలువ విలువే కాదు, కాగితం మీద పెట్టి పంపమని పెట్టేశారు. మీ కొట్లో ప్రతి సెట్టుకీ ఒక అట్టముక్క కట్టి ఉండేది. రోగం, మందు అన్నీ దాని మీదే రాసేవారు. అందుకే నవ్వుకుని కాగితం తీశాను.

నాకొక హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ కావాలండి. సొంతంగా చేసుకుంటాను. ముందొక పాత రేడియో వాల్వు, వెనక ట్రాన్సిస్టరు. ఇప్పుడు హైబ్రిడ్ అంటున్నారే, అది. మావారికి పాత పాటలంటే ఇష్టం. గ్రామఫోన్ రికార్డుల నుంచి ఎక్కించినవి ఫోన్లో చాలా ఉన్నాయి. ఐసీతో చేస్తే సాయంత్రానికి అయిపోతుందని తెలుసు, కానీ వాల్వే కావాలి. నెట్లో దొరికిన ఆరు సర్క్యూట్లు జతచేశాను. ఒకదానికొకటి పొంతన లేదు. ఏ వాల్వు, ఏ మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరు, ఎన్ని వోల్టులు, ఏ కెపాసిటర్లు వాడాలో మీరే ఎంచి పెట్టాలి. హెడ్‌ఫోన్ 32 ఓములది, చెవి మొత్తం మూసేసే రకం. చెరువు గట్టు మీద కూర్చుని వింటారు. అక్కడ కరెంటు నమ్మకం లేదు.

ఆయన ఈమధ్య మాట తగ్గించేశారు మాస్టారూ. చెరువు దగ్గరకి వెళ్ళాలంటే బెదురుతున్నారు. ఈ పెట్టెతోనైనా మళ్ళీ మామూలు మనిషవుతారని నా ఆశ.

మీ ఆశాజ్యోతి

*

నిడదవోలు,
17 అక్టోబరు 2023

చి. ఆశాజ్యోతికి ఆశీస్సులు.

టేబుల్ గుడ్డకి ఇప్పటికీ చిల్లుంది. దాని మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొట్టు మూసి పన్నెండేళ్ళయింది. అక్కడిప్పుడు ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. ఈ పన్నెండేళ్ళలో నన్నెవరూ వాల్వు గురించి అడగలేదు. నీ కవరు చింపి సర్క్యూట్లు చూసేసరికి నాకు పండగొచ్చినట్టయింది. అందుకని ముందు నీకు నా కృతజ్ఞతలు. తిట్లు తర్వాత.

ఆరింటిలో నాలుగు చింపెయ్. అవి బొమ్మలో బాగుంటాయి, బల్ల మీద పాడవు. మిగిలిన రెండూ కలిపి నేనొకటి గీశాను.

వాల్వు: ఈసీసీ 82. ఒకే గాజు బుడ్డిలో రెండు వాల్వులుంటాయి. ఎడమ చెవికి ఒక సగం, కుడి చెవికి ఒక సగం. బిస్కెట్ డబ్బాలో ఏడు మిగిలాయి. అన్నీ టెస్టరు మీద పెట్టి చూశాను. రెండింట్లో ప్రాణం లేదు, మూడింట్లో ఒక సగం బలంగా, ఒక సగం నీరసంగా ఉంది. రెండే సమానంగా నిలబడ్డాయి. వాటిలో మంచిది పంపుతున్నాను.

వోల్టులు: రేడియోల్లో రెండువందల యాభై పెట్టేవాళ్ళం. దీనికి ఇరవైనాలుగు చాలు. రెండు బైకు బ్యాటరీలు వరసగా కట్టు. అడాప్టర్లు వద్దు, చెవిలో గుయ్యిమంటాయి. ఇరవైనాలుగైతే తడిచేత్తో ముట్టుకున్నా మనిషికి భయం లేదు.

మాస్‌ఫెట్: వాల్వుకి గొంతుంది గానీ కండ లేదు. 32 ఓముల హెడ్‌ఫోన్ని అది లాగలేదు. వెనక చెవికొక ఐఆర్ఎఫ్ 510 పెట్టు. ఇంకా పెద్ద నంబరు వేస్తే గొప్పగా ఉంటుందనుకునేవు. పెద్దవాటిని కదిలించడానికి ఈ వాల్వు శక్తి చాలదు. వేడి లాగడానికి అరచెయ్యంత అల్యూమినియం రేకు బిగించకపోతే మాత్రం గంటలో పోతుంది. హెడ్‌ఫోన్‌కి ముందు వెయ్యి మైక్రోఫారడ్ కెపాసిటరు ఉండాలి. అక్కడ పిసినారితనం చేస్తే దెబ్బ చెవికే.

సాకెట్టు కింద పాత హవాయి చెప్పు ముక్క కోసి పెట్టు. లేకపోతే డబ్బా మీద వేలు తగిలినా వాల్వు గంట కొట్టినట్టు మోగుతుంది.

నువ్వు అడగనిది కూడా ఒకటి చేర్చాను. రికార్డుల నుంచి ఎక్కించిన పాటలంటే చిటపట ఉండక మానదు. ఆ చప్పుడు చెవిదాకా రాకుండా వాల్వు దగ్గరే రెండు చిన్న కెపాసిటర్లు వేశాను. పాట వెన్నలా వస్తుంది. మీ ఆయన్ని హాయిగా వినమను.

సాల్డరింగ్ నువ్వే చెయ్యి. చేశాక అట్టముక్క మీద రాసి పంపు.

ఆశీస్సులతో,
చంద్రరావు

*

భీమవరం,
26 నవంబరు 2023

మాస్టారికి నమస్కారాలు.

పార్సిల్ అందిన పది రోజులకే పెట్టె పూర్తయింది. ప్రతి అతుకూ మీటరుతో చూశాను. మీరు గీసినట్టే ఉంది, పాట నిజంగానే వెన్నలా వస్తోంది. అయినా మాకు పనికిరాలేదు. తప్పు మీది కాదు, నాది. మీతో అబద్ధం చెప్పాను.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అయినా మీ దగ్గర చించుకుంటున్నాను. మావారికి చూపు పోతోంది మాస్టారూ. నీటికాసులు, అదే గ్లాకోమా అన్నారు. పోయినది తిరిగి రాదని, ఉన్న కాస్తా నిలబెట్టడానికే మందులని డాక్టరు చెప్పారు. ఎదురుగా ఉన్నది రూపాయి బిళ్ళంత మేర కనపడుతుంది, పక్కలన్నీ చీకటి. చెరువులో రొయ్య తింటోందా లేదా అని, కాస్త మేత వేసి నీళ్ళలో దింపిన చెక్ ట్రే పైకి లాగి చూడాలి. మిగిలిన మేత చేత్తో తడిమితే తెలుస్తుంది. రొయ్య పేగు నిండిందా, ఒంటి మీది డొప్ప మెత్తబడిందా అన్నది చూడాల్సిందే. ఆ ట్రే దాకా వెళ్ళే చెక్కల మీద నుంచి రెండుసార్లు నీళ్ళలో పడ్డారు.

వచ్చే ఏడాదికి చెరువు ఎవరికివ్వాలో మార్చి నెలాఖరుకి రాజు గారు తేలుస్తారు. కళ్ళు లేనివాడికి ఎవరిస్తారండి? ఎవరికీ చెప్పవద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. పదహారేళ్ళుగా చేస్తున్న పని పోతే బతకలేనంటున్నారు. తిండి గురించి కాదు, నా జీతం ఉంది. ఆ పని లేకపోతే తానెవరో తనకే తెలియదంటున్నారు.

రొయ్య మేత నమిలేటప్పుడు నీళ్ళలో చిన్న చప్పుడు చేస్తుందని మా కాలేజీలో ఎవరో చెప్పగా విన్నాను. చప్పుడుని కరెంటుగా మార్చే పీజో బిళ్ళకి ఎపాక్సీ పూసి, ప్లాస్టిక్ గొట్టం మూతలో బిగించి, వైరు కట్టి నీళ్ళలోకి దింపాను. బిళ్ళ ఇచ్చే సిగ్నల్ ఎంతో లేదు. దాన్ని పీల్చెయ్యకుండా తీసుకునేది వాల్వు ఒక్కటే అనిపించి వాల్వే కావాలన్నాను.

పెట్టె తగిలించి ఆయన చెవులకి పెడితే నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల రొద తప్ప ఏమీ లేదు. మీరు ఏ చిటపటని తీసేశారో మాకు కావలసింది అదే. రొయ్య చప్పుడూ అదే మాస్టారూ. మీ ప్రేమకొద్దీ వేసిన ఆ రెండు కెపాసిటర్లూ మా రొయ్యల్ని కూడా మింగేశాయి. వాటిని నేనే పీకెయ్యగలను. కానీ మీకు చెప్పకుండా మీ సర్క్యూట్ మీద చెయ్యి వెయ్యడానికి మనసొప్పలేదు.

నన్ను క్షమించండి.

ఆశాజ్యోతి

*

నిడదవోలు,
4 డిసెంబరు 2023

చి. ఆశాజ్యోతికి,

తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట నీలాంటివాడే. డాక్టరు దగ్గరా ప్లీడరు దగ్గరా దాచకూడదంటారు. ఆ వరసలో మెకానిక్కుని కూడా చేర్చుకో. రోగం తెలియకుండా మందివ్వమంటే ఎలాగమ్మా? అట్టముక్క మీద అబద్ధం రాసిన మొదటి మనిషివి నువ్వే.

తిట్టడం అయిపోయింది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి ముందుకి వెళ్ళలేకపోయాను. శ్యాంబాబుని చూడలేదు గానీ ఆ మనిషి నాకు తెలుసు. కొట్టు మూసిన ఏడాది నేనూ అలాగే ఉన్నాను. పొద్దున్నే చొక్కా వేసుకుని, వెళ్ళడానికి చోటు లేక వీధరుగు మీద కూర్చునేవాణ్ణి.

నలభైమూడేళ్ళు చిటపటని చంపడమే నా వృత్తి. వినేవాళ్ళు దాన్ని జబ్బన్నారు, నేనూ జబ్బనే అనుకున్నాను. ఇప్పుడు దాన్ని పెంచి పెట్టమంటున్నావు. ఈ వయసులో నేర్చుకోవడానికి ఇంత మిగిలిందని సంతోషంగా ఉంది. చూడు.

ఒకటి. నేను వేసిన రెండు కెపాసిటర్లూ పీకి పారెయ్యి. నా మనసేమీ నొచ్చుకోదు.

రెండు. పాటకి రెండు చెవులు కావాలి గానీ రొయ్యకి ఒక బిళ్ళే కదా. వాల్వులో రెండు సగాలనీ పక్కపక్కన పెట్టడం దండగ. ఒకదాని వెనక ఒకటి కట్టు. మొదటి సగం పెంచినదాన్ని రెండో సగం మళ్ళీ పెంచుతుంది. మాస్‌ఫెట్ ఒకటే చాలు, రెండోది దాచుకో. వాల్యూం రెండు సగాల మధ్య పెట్టు. ఒకే శబ్దం రెండు చెవులకీ ఇయ్యి.

మూడు. ఏరేటరు రొద లావు గొంతు, రొయ్యది సన్న గొంతు. మధ్యలో కలిపే కెపాసిటరు నేను పాట కోసం పెద్దది పెట్టాను. దాన్ని తీసి ఈ కవర్లో ఉన్న చిన్నది వెయ్యి. లావు గొంతు గుమ్మంలోనే ఆగిపోతుంది. ఇంకా చిన్నవి రెండు పెట్టాను, మార్చి మార్చి చూసి ఏది బాగుందో శ్యాంబాబునే చెప్పమను. ఆయన చెవే మనకి టెస్టరు.

బిళ్ళ నుంచి వచ్చే వైరు మైకులకి వాడే రకం, పైన రాగి అల్లిక ఉన్నది తీసుకో. మామూలు వైరు వేస్తే రొయ్యల బదులు రేడియో స్టేషన్ వస్తుంది.

ఇంకొక్క మాట. రాజు గారికి చెప్పండి. ఇప్పుడే కాదు, పెట్టె పనిచేశాక. లోపం దాచి అమ్మిన సెట్టు ఎప్పటికైనా కొట్టుకే తిరిగొస్తుంది. తిరిగొచ్చిన రోజున మనం మంచిగా చేసిన పని కూడా ఎవరూ నమ్మరు. ఇది నేను పడి నేర్చుకున్నది.

ఆశీస్సులతో,
చంద్రరావు

*

భీమవరం,
7 జనవరి 2024

మాస్టారికి పాదాభివందనాలు.

వినపడింది.

మధ్య కెపాసిటరు మూడోది, అన్నిటికంటే చిన్నది కుదిరింది. పోయిన ఆదివారం ఉదయం మేత వేళకి ఏరేటర్లు ఆపి, గట్టు మీద స్టూలేసి ఆయన్ని కూర్చోబెట్టాను. గొట్టం నీళ్ళలోకి దింపి మేత చల్లాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. రెండు నిమిషాలయ్యాక ఇంకో గుప్పెడు చల్లాను.

అప్పుడు మెల్లగా, "ఆశా, రొయ్యలొచ్చాయి. నవుల్తున్నాయి" అన్నారు.

నేనూ పెట్టుకుని విన్నాను. పొయ్యి మీద పోపు చిటపటలాడినట్టుంది. ఆయన మాత్రం అందులో ఇంకా చాలా వింటున్నారు. చప్పుడు చిక్కగా ఉంటే ఆకలి మీదున్నట్టు, పలచబడితే కడుపు నిండినట్టు. నలభై నిమిషాలకి పలచబడిందని, ఇక చల్లవద్దని చెప్పారు. ట్రే లాగి నేను చూశాను. పేగులు నిండుగా ఉన్నాయి. ఆ రోజు నుంచి నాలుగు మూలలా గొట్టం దింపుతూ తిరుగుతున్నారు. చెక్కల మీదకి వెళ్ళక్కర్లేదు. గట్టు పొడుగునా తాడు కట్టుకున్నారు, దాన్ని పట్టుకుని నడుస్తున్నారు. ఇంటికొచ్చి అన్నం తింటూ, ఈశాన్యం మూల రొయ్యలు మహా తిండిపోతులని నాకు చెబుతున్నారు. మూణ్ణెల్ల తర్వాత ఆయన తనంతట తాను చెప్పిన మొదటి కబురు అది.

మీకెలా కృతజ్ఞతలు చెప్పాలో నాకు తెలియడం లేదు. మీరొక వాల్వు పంపారు. నాకు మనిషి తిరిగొచ్చాడు. ఇంతకంటే చక్కగా రాయడం నాకు రాదు.

రాజు గారికి చెప్పే విషయం మాత్రం ఒప్పుకోవడం లేదు. మార్చి దాటనీ అంటున్నారు. పక్క చెరువు గణేష్‌బాబు గారికి పాటలు వింటున్నానని చెప్పారు. నా అబద్ధమే ఇప్పుడు ఆయన కూడా వాడుకుంటున్నారు.

మీ ఆశాజ్యోతి

*

నిడదవోలు,
20 జనవరి 2024

చి. ఆశాజ్యోతికి,

ఉత్తరం అందింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపించాను. పాలవాడికి కూడా. పేర్లు చెప్పలేదులే.

మెకానిక్కుకి ఇంతకంటే ఏం కావాలి? చాలా ఏళ్ళు నేను బాగుచేసినవి ఇంటికెళ్ళాక ఎలా పాడాయో నాకు తెలియదు. బాగుంటే ఎవరూ తిరిగొచ్చి చెప్పరు. నువ్వు చెప్పావు. నీ మేలు మరచిపోను.

శ్యాంబాబుకి నా మాటగా ఇది చదివి వినిపించు. అయ్యా, మీరు చేసేది మోసం కాదు, అది పని. కానీ దాన్ని దాచిపెట్టినంతకాలం అది మోసంలాగే కనపడుతుంది. పెట్టె మూత తీసి చూపించండి. లోపల వైర్లు శుభ్రంగా ఉన్నప్పుడు మూత తియ్యడానికి భయపడకూడదు. తర్వాత మీ ఇష్టం.

చంద్రరావు

*

భీమవరం,
11 ఫిబ్రవరి 2024

మాస్టారికి నమస్కారాలు.

మూత మేం తియ్యలేదు. అదే లేచిపోయింది.

మొన్న శుక్రవారం అమావాస్య. ఉదయం పరీక్షకని నేను ట్రేలోనూ మూలల్లోనూ గుప్పెడేసి మేత వేస్తే ఆయన గొట్టం దింపి విన్నారు. చప్పుడు లేదు. నాలుగు మూలలా తిరిగారు. ఎక్కడా లేదు. అమావాస్యకి రొయ్యలు డొప్ప వదులుతాయి, వదిలిన పూట తినవు. అది అందరికీ తెలిసిందే. కానీ ఏ పూట, ఎన్ని వదిలాయన్నది ఎవరికీ సరిగ్గా తెలియదు. అందుకని కాస్త తగ్గించి చల్లుతూనే ఉంటారు. తినని మేత అడుగున కుళ్ళి నీళ్ళు చెడతాయి. ఈయన ఆ రోజు ఇంకొక్క గుప్పెడు కూడా చల్లలేదు.

మధ్యాహ్నానికి గణేష్‌బాబు గారి నోటి వెంట కబురు రాజు గారికి చేరింది. శ్యాంబాబు మేత మానేసి చెవులకి పాటలు తగిలించుకుని కూర్చున్నాడని. నేను కాలేజీకి సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. రాజు గారు బండి దిగుతూనే విప్పని మేత సంచులు చూసి, సరుకు తన చేతికొచ్చే వేళకి ఇదేం పనని గట్టిగా అడిగారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

మావారు లేచి నిలబడ్డారు. నేను ఏదో చెప్పబోతే ఆపేసి తానే చెప్పారు.

"నాకు కనపడదండి. ఏడాది కావస్తోంది. మీకు చెప్పకుండా దాచాను, తప్పయిపోయింది. ఈ పూట అవి తినట్లేదండి. నేను విన్నాను."

రాజు గారికి అర్థం కాలేదు. ఈయన హెడ్‌ఫోన్ తీసి ఆయనకి అందించారు. అందించిన చెయ్యి రాజు గారు ఉన్న చోటికి కాస్త పక్కకి పోయింది. రాజు గారు ఆ చేతి వంక చూశారు. ఒక్కడుగు జరిగి అందుకున్నారు.

చెవులకి పెట్టుకుని చాలాసేపు నిలబడి, ఏమీ వినపడడం లేదన్నారు. "అదేనండి" అన్నారు ఈయన.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు మాస్టారూ. ఇన్నాళ్ళు కష్టపడి చేసిన పెట్టెని పెద్దమనిషికి చూపించే రోజు వస్తే, అందులో చప్పుడే లేదు. రాజు గారు తానే చెక్కల మీదకి వెళ్ళి ట్రే లాగారు. నేను పొద్దున అందులో వేసిన గుప్పెడు మేతా అలాగే ఉంది. రొయ్యలు పట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. వాటిని నీళ్ళలోకి వదిలేసి, చెయ్యి కడుక్కుని, బండెక్కి వెళ్ళిపోయారు.

రెండు రోజులైంది. కబురు లేదు. మావారు మామూలుగానే మేత చూస్తున్నారు, నిన్నటి నుంచి రొయ్యలు మళ్ళీ తింటున్నాయి. ఇంటికొచ్చి మాత్రం పడుకుండిపోతున్నారు. చెరువు పోయినట్టేనని ఆయన లెక్క. అయినా చెప్పేశాక ఛాతీ మీద బరువు దిగిందన్నారు. మీ మాట విన్నందుకు బాధపడడం లేదండి. అది మీకు చెప్పమన్నారు.

ఆశాజ్యోతి

*

నిడదవోలు,
16 ఫిబ్రవరి 2024

చి. ఆశాజ్యోతికి,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. చెప్పమని పోరినవాణ్ణి నేను. గట్టు మీద నిలబడి చెప్పింది ఆయన. ఊరికే సలహాలిచ్చే ముసలాడివల్ల ఒక సంసారం చెరువు పోగొట్టుకుందేమోనని ఒకటే ఆలోచన. అయినా ఆయన చెప్పిన తీరు చదివి గర్వపడ్డాను. ఆ నాలుగు మాటలు నేనైతే చెప్పగలిగేవాణ్ణి కాదు.

డబ్బాలో మిగిలిన రెండో మంచి వాల్వు కూడా పంపుతున్నాను. బిగించినది ఎప్పటికైనా అలిసిపోతుంది. చెరువు ఉన్నా పోయినా ఆయన విన్నది వృథా కాదు. ఏ సంగతీ నాకు వెంటనే రాయి. ఈసారికి ఫోన్ చేసినా తిట్టను.

చంద్రరావు

*

భీమవరం,
25 ఫిబ్రవరి 2024

చంద్రరావు మాస్టారు గారికి శ్యాంబాబు నమస్కరించి రాయించేది.

చెబుతున్నది నేను, రాస్తున్నది ఆశ. ఫోన్ చేద్దామంది గానీ, మాస్టారికి కాగితం మీద పెట్టకపోతే లెక్కలోకి రాదని తనే అంది కదా అని నేనే రాయమన్నాను.

నేను మిమ్మల్ని చూడలేదండి. ఇక చూడలేను కూడా. కానీ రోజుకి నాలుగుసార్లు మీ చేతి పని నా చెవుల మీద ఉంటుంది. మీరు నాకోసం ఎన్ని వాల్వులు పరీక్షించారో, ఏది ఎందుకు తీసేశారో ఆశ చదివి వినిపిస్తూనే ఉంది. నా కోసం ఎవరైనా అంత శ్రద్ధగా ఏదైనా ఎంచడం నేనెరగను. మా అమ్మ తర్వాత మీరే. ఇది మీకు చెప్పుకోవాలని చాలా రోజులుగా ఉంది. రెండో వాల్వు కూడా క్షేమంగా అందింది. దూదిలో చుట్టి బీరువాలో పెట్టాం.

రాజు గారు పోయిన బుధవారం వచ్చారు. ఉదయం మేత వేళ. బండి చప్పుడు వినగానే నేను హెడ్‌ఫోన్ తీసి లేచి నిలబడ్డాను. ఆయన ఏది ఇలా ఇయ్యమని అడిగి తీసుకున్నారు. నా స్టూలు మీద కూర్చున్నారు. ఆ పూట రొయ్యలు మంచి ఆకలి మీదున్నాయి. ఆయన మొహం నాకు కనపడదు గానీ, కాసేపటికి ఆయన ఊపిరి మారడం తెలిసింది. మొత్తం మేత అయ్యేదాకా తియ్యలేదు. నేను పక్కన నిలబడి, ఇప్పుడు పలచబడిందా అని అడుగుతుంటే అవునవును అంటున్నారు.

ఆఖరికి తీసి నా చేతిలో పెట్టారు. ముప్పై ఏళ్ళుగా చెరువులు చేస్తున్నాను, మేం చల్లిన మేత అవి తిన్నాయో లేదో ఒక్కరోజు కూడా మాకు నిజంగా తెలియదు అన్నారు. పక్క చెరువుల్లో అమావాస్య పూట చల్లిన మేతకి నీళ్ళు పాడై ఇప్పుడు మందులు కొడుతున్నారట. మార్చి సంగతి ఆయనే ఎత్తుతారని చూశాను. ఎత్తలేదు. ఉండబట్టలేక నేనే అడిగేశాను, చెరువు ఎవరికిద్దామనుకుంటున్నారండి అని.

ఆయన లేచి, పెట్టె తీసి నా రెండు చేతుల్లో పెట్టి, బ్యాటరీలు తాను తీసుకున్నారు. నా భుజం పట్టుకుని గట్టు దించి బండి దాకా నడిపించారు.

"ఎక్కు శ్యాంబాబూ. నా మిగతా మూడు చెరువులూ కూడా విని చెబుదువుగాని" అన్నారు.

సెలవు.
శ్యాంబాబు